మైదానం గట్టున కూర్చునే ఉద్యోగం గురించి ఒక చెల్లికి

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడతాను. మూడు వారాల కిందట బ్లాక్‌కి ఎగిరి దిగేటప్పుడు నెట్ కింద ఎదుటి అమ్మాయి పాదం మీద కాలు పడి చీలమండ బెణికింది. అదే కాలు పోయిన ఏడాది కూడా బెణికింది. ఆ రోజు టోర్నమెంట్‌కి వచ్చిన ఒకావిడ పరుగెత్తుకొచ్చి, రెండు నిమిషాలు ఏవో అడిగి, కాలు అక్కడక్కడా నొక్కి చూసి, ‘ఎముకకేం కాలేదనుకుంటాను, కానీ ఈరోజుకి నీ ఆట అయిపోయింది’ అన్నారు. కోచ్ ఎంత అడిగినా ఒప్పుకోలేదు. అప్పుడు కోపం వచ్చింది గానీ ఇప్పుడు నాకూ ఆ పనే చేయాలనిపిస్తోంది. ఇంట్లో చెబితే నాన్న ‘డాక్టరూ కాదు, జిమ్ ట్రైనరూ కాదు, కట్లు కట్టే పనికి ఇంత చదువెందుకు’ అంటున్నారు. స్పోర్ట్స్ మెడిసిన్, ఫిజియో, అథ్లెటిక్ ట్రైనర్ అంటే అన్నీ ఒకటేనా? ఏం చదవాలి? ఇంకో సంగతి, వచ్చే వారం మ్యాచ్ ఉంది, టేపు వేసుకుని ఆడేయమంటున్నారు. ఆడొచ్చా?

జవాబు: ‘కోచ్ ఎంత అడిగినా ఒప్పుకోలేదు’ అని ఒక్క ముక్క రాసేసి ముందుకెళ్లిపోయావు చూడు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నేను ఫిజియోథెరపీ చదివి, తర్వాత ఆటల వైపు వచ్చి, పదిహేనేళ్లుగా మైదానం గట్టున కూర్చుంటున్న మనిషిని. టేపు చుట్టడం ఎవరికైనా నెల రోజుల్లో నేర్పగలను. స్కోరు 23-23 ఉన్నప్పుడు, ఒకపక్క ఆడతానని ఏడుస్తున్న పిల్ల, ఇంకోపక్క మండిపడుతున్న కోచ్, మధ్యలో నిలబడి ‘ఈరోజుకి వద్దు’ అనడం, అలా ఎందుకన్నానో అడిగితే చెప్పడానికి సరైన కారణం చేతిలో ఉండటం, చదువంతా దానికే. మీ నాన్నగారికి నా జవాబు ఇదే.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. స్పోర్ట్స్ మెడిసిన్ అనేది ఒక మనిషి ఉద్యోగం పేరు కాదు. ఆడేవాళ్లు, వ్యాయామం చేసేవాళ్ల ఒంటికి సంబంధించిన వైద్యమంతా ఆ పేరు కిందకే వస్తుంది. వైద్య పట్టా తీసుకుని ఆపైన ఆటల వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన స్పోర్ట్స్ ఫిజిషియన్, కత్తి పట్టాల్సి వస్తే ఆర్థోపెడిక్ సర్జన్, దెబ్బ తిన్న కీలునీ కండరాన్నీ మళ్లీ దారికి తెచ్చే ఫిజియోథెరపిస్ట్, తిండి చూసేవాళ్లు, మనసు చూసేవాళ్లు, అందరూ అందులోవాళ్లే. వీళ్ల దగ్గరికి ఆటగాడు వెళ్లాలి. అథ్లెటిక్ ట్రైనర్ మాత్రం ఆటగాడి దగ్గరే ఉంటాడు, ప్రాక్టీసులోనూ బస్సులోనూ మ్యాచ్‌లోనూ, కాబట్టి దెబ్బ తగలడం కళ్లారా చూసేదీ, మొదట చెయ్యి వేసేదీ ఆ మనిషే.

ఆ ‘ట్రైనర్’ అన్న మాటే కొంప ముంచింది. జిమ్‌లో బరువులెత్తించే పర్సనల్ ట్రైనర్‌కీ దీనికీ పేరులో తప్ప పోలిక లేదు, కానీ పెళ్లిచూపుల నుంచి బ్యాంకు ఫారాల దాకా ఈ వివరణ ఇస్తూనే ఉండాలి, అలవాటైపోతుంది. ఇది ప్రధానంగా అమెరికాలో పుట్టి పెరిగిన వృత్తి. అక్కడ 1950లో కాన్సస్ సిటీలో వీళ్ల జాతీయ సంఘం ఏర్పడింది, 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్య అనుబంధ వృత్తిగా గుర్తించింది. ఇప్పుడు అక్కడ మాస్టర్స్ డిగ్రీ చదవాలి, సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలి, దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ లైసెన్సు లాంటి అనుమతి ఉండాలి. కెనడాలో ఇదే పనివాళ్లని అథ్లెటిక్ థెరపిస్ట్ అంటారు. మిగతా చాలా దేశాల్లో ఈ పేరుతో వేరే డిగ్రీ ఉండదు, ఫిజియోథెరపీ చదివి స్పోర్ట్స్‌లో పీజీ చేసినవాళ్లే ఈ పని చేస్తారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. మరీ కొత్త పని అనుకోకు, రెండో శతాబ్దంలో గేలెన్ అనే గ్రీకు వైద్యుడు ఇప్పటి టర్కీలోని పెర్గమమ్‌లో గ్లాడియేటర్లకు, అంటే జనం ముందు ఆయుధాలతో పోరాడేవాళ్లకు, వైద్యం చేసేవాడు. (వాళ్ల కోచ్‌లు ఇంకెంత మొండివాళ్లో!)

ఇప్పుడు ఆవిడ నీ కాలు పట్టుకున్న ఆ రెండు నిమిషాల్లో ఏం చేసిందో చెబుతాను, ఎందుకంటే అది నీకు మామూలుగా నొక్కి చూసినట్టే అనిపించి ఉంటుంది. మొదట అడిగింది: ఎలా పడ్డావు, ఏదైనా తెగిన చప్పుడు వినిపించిందా, ఇదివరకు ఇదే కాలికి అయిందా. తర్వాత చూసింది, రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, ఎందుకంటే నీకు ఏది మామూలో నీ రెండో కాలే చెబుతుంది. ఆ తర్వాత చేత్తో తడిమింది, నొప్పి ఉన్నచోటికి చివర్లో వస్తుంది, ముందే అక్కడ నొక్కితే నువ్వు కాలు బిగించేస్తావు, ఇంకేమీ తెలియదు. చీలమండకి రెండు వైపులా పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి కదా, వాటి కొనమీదా, కొన నుంచి వెనక అంచు వెంబడి పైకి 6 సెంటీమీటర్ల మేరా నొక్కి ఉంటుంది. పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే ఎముక గుబ్బనీ, లోపలివైపు వంపు పైన ఉన్న చిన్న ఎముకనీ కూడా. ఆపైన నిన్ను నాలుగడుగులు వేయమని ఉంటుంది. ఆ చోట్ల ఎముక మీద నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. లేదంటే చాలావరకు అక్కర్లేదు. దీన్ని ఒట్టావా నియమాలంటారు, 1992లో కెనడా డాక్టర్లు తయారుచేశారు, ప్రపంచమంతా వాడుతోంది. అంటే ఆవిడ ‘ఎముకకేం కాలేదనుకుంటాను’ అన్నది ఊహించి కాదు, లెక్క చూసుకుని.

మరి ఎముక బాగున్నప్పుడు ఎందుకు ఆడనివ్వలేదు? పాదం లోపలికి మడత పడినప్పుడు బయటివైపు లిగమెంట్లు సాగుతాయి, కొన్నిసార్లు చిరుగుతాయి. (ఎముకని ఎముకతో కట్టేది లిగమెంట్, అది దెబ్బ తింటే బెణుకు. కండరమో, కండరాన్ని ఎముకకి అతికించే టెండనో లాగేస్తే అది వేరే దెబ్బ, తొడ వెనక పట్టేస్తుంది చూడు, అలాంటిది.) లిగమెంట్ ఉత్త తాడు కాదు, కాలు ఏ కోణంలో ఉందో మెదడుకి కబురు పంపే నరాల కొసలు అందులో ఉంటాయి. అది దెబ్బతిన్నాక కబురు ఆలస్యమవుతుంది, నువ్వు గాల్లోంచి దిగేటప్పుడు కాలు సర్దుకోవాల్సిన ఆ కాస్త వ్యవధిలో సర్దుకోదు. ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణకడానికి పెద్ద కారణం ఇది. నొప్పి తగ్గిందని పోయినేడు నువ్వు ఆటలోకి దిగిపోయి ఉంటావు, ఆ కబురు దారిని బాగుచేసే కసరత్తు ఎవరూ చేయించి ఉండరు. పందెం కాస్తాను.

బెణుకుల సంగతి పక్కన పెడితే, ఈ వృత్తిలో నిద్ర పట్టనివ్వని విషయాలు మూడున్నాయి: గుండె, తల, ఎండ.

2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బఫలో బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఎదుటి ఆటగాణ్ని అడ్డుకుని పడేశాక (టాకిల్ అంటారు) లేచి నిలబడి, అంతలోనే కుప్పకూలిపోయాడు, గుండె ఆగిపోయింది. జట్టు సహాయక అథ్లెటిక్ ట్రైనర్ డెన్నీ కెల్లింగ్టన్ మైదానంలోనే సీపీఆర్ చేశాడు, అంటే ఛాతీ మీద ఆగకుండా గట్టిగా నొక్కాడు, ఏఈడీ అనే చిన్న యంత్రంతో గుండెకి షాక్ ఇచ్చారు. హామ్లిన్ బతకడమే కాదు, అదే ఏడాది మళ్లీ ఆటలోకి దిగాడు. సీపీఆర్, షాక్ రెండూ అందకపోతే గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆగే లెక్క కాదది. అందుకే మేం ఏ మైదానానికి వెళ్లినా ముందు స్కోరుబోర్డు చూడం, ఏఈడీ ఎక్కడుంది, గేటు తాళం ఎవరి దగ్గరుంది, అంబులెన్స్ ఏ వైపు నుంచి లోపలికి రాగలదు, ఇవి చూస్తాం. తాళం మనిషి టీ తాగడానికి వెళ్తే నాకు టెన్షన్.

ఎండ దెబ్బలో నియమం ఒకటే, ముందు చల్లబరచు, తర్వాత ఆస్పత్రికి పంపు. పరుగెత్తుతున్న మనిషి తూలుతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, లోపలి వేడి 40 డిగ్రీలు దాటిపోయి ఉంటే, మెడ దాకా ఐసు నీళ్ల తొట్టిలో పెట్టాలి, మొదటి అరగంటలోపే వేడి దింపాలి. మనవాళ్ల తొందరేమో కారెక్కించేయడం. ఇంకో మాట, ఎండలో ఒకడు నీరసపడితే బలవంతంగా నీళ్లు తాగించేస్తుంటారు. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదీ ప్రాణాల మీదికి తేవచ్చు. దాహాన్ని బట్టి తాగాలి.

ఇక తల. ఇక్కడే ‘వద్దు’ అనడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే రక్తం కనపడదు, వాపు కనపడదు, ఆటగాడు నవ్వుతూ ‘బానే ఉన్నా’ అంటాడు. కంకషన్ అంటే మెదడు కుదుపు తినడం, స్పృహ తప్పాలనేం లేదు. మనం అడిగే ప్రశ్నలు వింటే తమాషాగా ఉంటాయి: ఇది ఏ మైదానం, ఇప్పుడు ఎన్నో సగం ఆడుతున్నాం, చివరి పాయింటు ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ గెలిచామా. పుట్టిన తేదీ అడగం, అది కుదుపులో కూడా గుర్తుంటుంది. ఒకసారి ఒక కుర్రాడు నాలుగు ప్రశ్నలకీ ఠకీమని జవాబిచ్చి, ఐదో నిమిషంలో అవే సంగతులు నన్ను అడిగాడు. ఇదీ దాని తీరు, అప్పటికప్పుడు తేలకపోవచ్చు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టు గుర్తుందా, ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకి తగిలింది, పరీక్షలు చేశాక తిరిగొచ్చి బ్యాటింగ్ కూడా చేశాడు, మర్నాటికి లక్షణాలు బయటపడి మ్యాచ్ నుంచి తప్పించారు. అతని బదులు దిగిన లబుషేన్ టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్. అందుకే అనుమానం వస్తే చాలు, ఆ రోజుకి ఆట లేదు. తర్వాత తిరిగి రావడానికి ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, చివరి మెట్లెక్కేముందు డాక్టర్ అనుమతి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ట్రైనర్లు హెల్మెట్ తీసుకెళ్లి దాచేస్తారు, లేకపోతే వాడు మళ్లీ లోపలికి దూరిపోతాడు. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది, నేనైతే బూట్లు దాస్తాను.

ఇంత చెప్పాక రోజూ ఇలాగే ఉంటుందనుకుంటావేమో. నూటికి తొంభై రోజులు ఏమీ జరగదు. ఐసు నింపడం, టేపు చుట్టడం, ఎవరికి ఏ కసరత్తు ఎంతవరకు వచ్చిందో రాసుకోవడం, వార్మప్ ఎగ్గొట్టేవాళ్ల వెంట పడటం. ఆ విసుగు పనిలోనే అసలు ఫలితం ఉంటుంది. ఫుట్‌బాల్‌లో ‘11+’ అని ఫిఫా వాళ్ల వార్మప్ ఒకటుంది, 20 నిమిషాలు పడుతుంది, దాన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గినట్టు అధ్యయనాలున్నాయి. కానీ తగలని దెబ్బకి ఎవరూ వచ్చి థాంక్స్ చెప్పరు, అది ముందే తెలుసుకో.

అమ్మాయిల జట్లలో ఇంకో సంగతి, నువ్వు ఆడపిల్లవి కాబట్టి నీకు పనికొస్తుంది. బాగా ప్రాక్టీసు చేస్తూ సరిపడా తినకపోతే నెలసరి ఆగిపోతుంది, చాలామంది ‘హమ్మయ్య, టోర్నమెంట్‌కి అడ్డు లేదు’ అనుకుంటారు. ఒంట్లో శక్తి చాలడం లేదని, ఎముకలు బలహీనపడుతున్నాయని అది ఇచ్చే కబురు. ముంగాలి ఎముకలో సన్నటి పగుళ్లు ఊరికే రావు. ఈ మాట కోచ్‌తో చెప్పలేని పిల్ల మనతో చెబుతుంది, చెప్పింది మన దగ్గరే ఉండాలి. నోరు జారే అలవాటుంటే ఈ పని పెట్టుకోకు.

చదివిన చదువు మారిపోతూ ఉంటుందని కూడా రాయాలి. బెణికితే విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అని నేను చదువుకున్నాను, నువ్వూ వినే ఉంటావు. ఆ సూత్రానికి 1978లో ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో ‘రైస్’ అని పేరు పెట్టింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టర్. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ రెండూ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేస్తున్నట్టున్నాయి అని రాశాడు! వాపు మానుదలలో భాగం కదా, దాన్ని పూర్తిగా అణిచేస్తే ఎలా అని. ఇప్పుడు మేం నొప్పి తగ్గడానికి కాసేపు ఐసు పెడతాం, కానీ వీలైనంత త్వరగా కాలుని మెల్లగా పనిలో పెట్టిస్తాం. ఇరవై ఏళ్ల కిందటి నోట్సు పట్టుకుని కూర్చునేవాళ్లకి ఇక్కడ పని నడవదు.

‘వద్దు’ అనలేకపోతే ఏమవుతుందో నా సంగతే చెబుతాను. పనిలో చేరిన రెండో ఏడాది, తొడ వెనక కండరం పట్టేసిన ఒక స్ప్రింటర్‌ని ఫైనల్‌కి వదిలేశాను. కుర్రాడు బతిమాలాడు, కోచ్ ‘నేను చూసుకుంటా’ అన్నాడు, నాక్కూడా పతకం ఆశ లేకపోలేదు. నలభై మీటర్ల దగ్గర ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఎగిరి పడ్డాడు. మూడు వారాల్లో పోయేది ఆ సీజనంతా తీసుకుంది. చూసుకుంటానన్న కోచ్ ఆ సాయంత్రం కనపడలేదు. అప్పటి నుంచి నేను నోటి మాట మీద ఎవరినీ వదలను, ఆ కాలితో ఎన్నిసార్లు, ఈ కాలితో ఎన్నిసార్లు, అంకెలు కాగితం మీద ఉండాలి. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లని కూడా 9 నెలల లోపు పంపం, అంతకుముందే దిగినవాళ్లు మళ్లీ దెబ్బ తినడం బాగా ఎక్కువని తేలింది. అప్పుడు కూడా దెబ్బ తగిలిన కాలు గెంతులోనూ బలంలోనూ రెండో కాలికి 90 శాతమైనా సాటి రావాలి.

చదువు విషయానికొస్తే, నువ్వు ఏ డిగ్రీలో ఉన్నావో రాయలేదు. జీవశాస్త్రం నేపథ్యం ఉంటే దారి సులువు. ఫిజియోథెరపీలో చేరి తర్వాత స్పోర్ట్స్ పీజీ చేయడం ఒక దారి, స్తోమత ఉండి విదేశం వెళ్లగలిగితే గుర్తింపు ఉన్న అథ్లెటిక్ ట్రైనింగ్ మాస్టర్స్ ఇంకో దారి, కాకపోతే అక్కడి పట్టా ఇంకో దేశంలో చెల్లుతుందో లేదో చేరేముందే కనుక్కో. ఎటు వెళ్లినా అనాటమీ, ఫిజియాలజీ, కదలికల శాస్త్రం తప్పవు. పనివేళలు మాత్రం అందరికీ సెలవైనప్పుడు మనకి డ్యూటీ, సాయంత్రాలు, ఆదివారాలు, ప్రయాణాలు. జట్లే కాదు, సైన్యంలోనూ ఫ్యాక్టరీల్లోనూ నృత్య బృందాల్లోనూ ఈ పనివాళ్లని పెట్టుకుంటున్నారు. మీ నాన్నగారికి ఆ ముక్క చెప్పు, ఉద్యోగాలు ఒక్క మైదానంలోనే లేవని.

ఈలోగా ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ కోర్సు చేసెయ్, రెండు రోజుల పని. మీ జట్టులో ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ, ఏం చేస్తుండగా తగిలిందో ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టు, ఒక సీజన్ తిరిగేసరికి నీకే ఏదో ఒక వరస కనపడుతుంది. ఆవిడ నంబరు సంపాదించి, ఒక వారం వెంట తిరగనిస్తారా అని అడుగు. వెళ్లాక ఒక్క టేపు పని శ్రద్ధగా చూడు: పాదం తొంభై డిగ్రీల్లో నిలబెట్టి, లోపలివైపు నుంచి మడమ కిందుగా బయటివైపుకి పట్టీ లాగుతారు, కాలు లోపలికి మడత పడకుండా. ఒక్క ముడత ఉన్నా గంటలో బొబ్బ లేస్తుంది. అయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదులుతారు, తెల్లబడిన గోరు రెండు సెకన్లలో ఎర్రబడకపోతే విప్పి మళ్లీ మొదలు.

ఇక వచ్చే వారం మ్యాచ్. నీ కాలు చూడకుండా నేను ఆడు అనలేను, ఎవరైనా చేత్తో పట్టి చూడాల్సిందే. కానీ వాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే చూసుకో. కళ్లు మూసుకుని ఆ ఒక్క కాలి మీద, రెండో కాలితో నిలబడగలిగినంతసేపు నిలబడగలుగుతున్నావా. ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం రెండు కాళ్లకీ సమానంగా వస్తోందా. గోడకి ఎదురుగా నిలబడి, మడమ నేలనుంచి లేవకుండా మోకాలు గోడకి తాకిస్తూ పాదం ఎంత వెనక్కి జరపగలవో రెండు కాళ్లకీ కొలువు. చివరగా ఒంటికాలితో పక్కకి గెంతి దిగు, నొప్పి సంగతి సరే, దిగేముందు భయం వేసిందా లేదా గమనించు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా టేపు వేసుకున్నా సరే ఆడకు. టేపు ఆడుతుండగా అరగంటలో వదులైపోతుంది, రెండుసార్లు బెణికిన కాలికి లేసులున్న బ్రేస్ (చీలమండని పట్టి ఉంచే తొడుగు) మంచిది, అది కూడా ఈ సీజనంతా వేసుకోవాలి, దాంతోపాటు రోజూ ఒంటికాలి కసరత్తు చేయాలి. నాలుగూ సరిగ్గా వచ్చి, చూసినవాళ్లు సరేనంటే బ్రేస్‌తో ఆడు. రాకపోతే, ఆ కొలతలు కాగితం మీద రాసి కోచ్‌కి ఇవ్వు.